కొమురెల్లి తొవ్వలో జీపు నడిపింది ఎవరు

మా బాపు ఫోనుకు ఏ సందేశం వచ్చినా టింగ్ టింగ్ అని రెండుసార్లు గంట మోగుతుంది, పాత బస్సులో కండక్టరు తాడు లాగినట్టు. తాత బతుకంతా బస్సు నడిపాడు కదా అని నా కొడుకు ఎక్కడో వెతికి పెట్టిన మోత అది. అది మోగితే చాలు, మంచం మీద పడుకుని ఉన్నా, కంచం ముందు కూర్చుని ఉన్నా బాపు ఎడమ కాలు కదులుతుంది. క్లచ్ తొక్కుతాడన్నమాట. తర్వాత తానెక్కడున్నాడో గుర్తొచ్చి నా వైపు చూస్తాడు. కొన్ని రోజులు గుర్తు రాదు. అప్పుడు 'రైట్, రైట్' అని నేనే అంటాను, ఆయన నెమ్మదిస్తాడు. మొన్న సిద్దిపేటలో ఒక దవాఖాన గదిలో ఆ గంట వెంటవెంటనే మోగింది. వచ్చినవన్నీ చలాన్లే. బండి అతివేగంగా పోయిందని తుర్కపల్లి దగ్గర ఒకటి, వంటిమామిడి దగ్గర ఒకటి, ప్రజ్ఞాపూర్ దగ్గర ఒకటి. నడిపింది నేను. ఆవు ఎదురొస్తే బండి ఆపి, అది రోడ్డు దాటి, మనసు మార్చుకుని వెనక్కి తిరిగొచ్చేదాకా ఆగే మనిషిని. నాకు చలాన్లు! మేడ్చల్‌కు తిరిగొచ్చాక మా వీధిలో చెబితే ఒక్కరూ నమ్మలేదు.

సిద్దిపేటలో ఉండేది మా చిన్నాయిన మల్లేశం, బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆయన కూడా బస్సు డ్రైవరే, రిటైరై చాలా ఏళ్ళయింది. ముందురోజు పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయినకు గుండెల నొప్పొచ్చింది బిడ్డా. దవాఖానల ఏసినం. అన్నను జూడాలె, అన్నకు ఒక్క మాట జెప్పాలె అని ఒక్కటే పోరు. జల్ది తోల్కరా" అని ఏడ్చింది. నాకు భయం పుట్టుకతోనే వచ్చింది, ఎవరింట్లో ఫోన్ మోగినా నా గుండె జారుతుంది. పైగా ఇక్కడ భయం రెండు వైపులది. అక్కడ చిన్నాయిన ఎంతసేపు ఉంటాడో తెలియదు. ఇక్కడ బాపుకు తమ్ముడు గుర్తుంటాడో లేదో తెలియదు. ఈ ఏడాదిగా బాపు జ్ఞాపకం ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నన్ను గుర్తుపడతాడు, నా కోడలిని గుర్తుపట్టడు. పొద్దున్నే లేచి "ఇయ్యాల నాది ఫస్టు బస్సు" అని చొక్కా వెతుక్కుంటాడు.

గబగబా ఆయన్ని బండి ఎక్కించాను. చిన్న కారు. నేను పంతులమ్మ ఉద్యోగం మానేశాక కొన్నది. కాగితాల్లో మాత్రం బాపు పేరే రాయించాను. ఇంతకాలం సర్కారు బండి నడిపిన మనిషి పేరు మీద సొంత బండి ఒక్కటైనా ఉండాలని నా పట్టు. అందుకే చలాన్లు కూడా ఆయన ఫోనుకే వస్తాయి. సరే, వీధి మలుపు తిరిగామో లేదో ఒకతను మోటారు సైకిలు మీద రెండు వైపులా ఖాళీ నీళ్ళ క్యాన్లు వేలాడదీసుకుని ఎదురొచ్చాడు. "ఆపు ఆపు, ఖాళీ కుండ ఎదురొచ్చింది" అన్నాడు బాపు. "బాపూ, గవి వాటర్ క్యాన్లు" అన్నాను. "ఖాళీయే గదా?" అన్నాడు. తలుపు తీసి దిగబోయాడు కూడా. చేసేది లేక బండి తిప్పి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, నేనూ తాగి, మళ్ళీ బయల్దేరాను. బయల్దేరేముందు ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు చక్రాలనూ అరచేత్తో తట్టాడు. తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి నేను 'రైట్, రైట్' అన్నాకే సీటు బెల్టు పెట్టనిచ్చాడు. నా లోపల మంటలు. అప్పటికే చిన్నమ్మ ఇంకోసారి ఫోన్ చేసింది.

ఈ ఎదుర్లు చూసే అలవాటు మా అవ్వది, అంటే బాపు తల్లిది. మేడ్చల్ రైలు స్టేషను వెనక మాకు పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంట్లోంచి ఎవరు గడప దాటాలన్నా ముందు అవ్వ బయటికెళ్ళి వీధి అటూ ఇటూ చూసి చెయ్యి ఊపాలి. కట్టెల మోపు వస్తుంటే లోపలికి తోసేది. నిండు బిందె వస్తుంటే "నడువుండ్రి, నడువుండ్రి" అని వెన్ను మీద చరిచేది. మా అమ్మకు ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే బాపుకు తొలి బస్సు డ్యూటీ. ఇంకా చీకటుండగానే అమ్మ లేచి, ముందురోజు అన్నంలో చల్ల పోసిన సద్దిని గిన్నెకెత్తి, ఉల్లిగడ్డ నలిపి మూత పెట్టేది. పెట్టె కింద మడత పెట్టిన ఖాకీ జత తీసేది. ఆ వేళకి ఎదురొచ్చేది ఎవరు? అవ్వే చీకట్లో వీధి చివరిదాకా నడిచి, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని కొడుక్కి ఎదురొచ్చేది. అవ్వ విధవ, శాస్త్రం ప్రకారం ఆమె ఎదుర్రావడమే అపశకునం. ఆ సంగతి మేమెవరం అనలేదు, ఆమె కూడా తన బిందె నిండుగా ఉంది కదా అనే లెక్కలోనే ఉండేది.

బాపు అప్పుడు టెంపరవరీ డ్రైవరు. ఆ మాట మా ఇంట్లో రోజూ వినిపించేది. బియ్యం తెచ్చినా, బట్ట కొన్నా, నా చదువు మాట వచ్చినా "పర్మినెంటు కానియ్యి" అనేవాళ్ళు. బాపు అంత నిదానంగా బస్సు నడిపే మనిషి డిపోలో లేడని పేరు. ఆయన బస్సులో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే చుక్క తొణకదనేవాళ్ళు. మరికొందరు అల్వాల్ వెళ్ళడానికి ఆయన బస్సెక్కితే సద్ది కట్టుకుని ఎక్కాలనేవాళ్ళు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన ఒంటి మీద డీజిలు వాసన, దాని కింద చెమట, దాని కింద పొద్దున అమ్మ రాసిన కొబ్బరినూనె వాసన. నేను ఆయన తొడ మీద తల పెట్టుకుని ఆ మూడింటినీ వేరుచేసి వాసన చూసేదాన్ని. ఇప్పటికీ పెట్రోలు బంకులో నాకు నిద్ర వస్తుంది.

ఇదంతా తలుచుకుంటూ నడిపానని కాదు. శామీర్‌పేట చెరువు కట్ట పక్కనుంచి పోతుంటే బాపే అడిగాడు, "తోటలేవి బిడ్డా?" అని. ద్రాక్ష తోటలు. అప్పట్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళుండేవి. ఎండాకాలం ముందు గాలంతా తీపి వాసన, ఎరువు వాసన. ఇప్పుడు ఆ జాగాలన్నీ ప్రహరీ గోడలు, వాటి మీద ముళ్ళతీగ, పెద్ద గేట్లు. "అమ్ముకున్నరు బాపూ" అన్నాను. "గిన్ని తోటలు గింత జల్ది అమ్ముకున్నరా?" అన్నాడు. ఆయనకు అది నిన్నటి మాట. నేను ఆక్సిలేటరు మీద కాలు నొక్కాను. రోడ్డు నున్నగా ఉంది, బండి ఎంత వేగంతో పోతున్నదీ ఒంటికి తెలియలేదు. నా కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, చెవులు ఫోను మీద ఉన్నాయి. ఎప్పుడు మోగుతుందో, ఏం చెబుతారో. పక్కన బాపు కుడి కాలు ఉండుండి నేలకు తన్నిపెడుతున్నాడు. బ్రేకు తొక్కుతున్నాడని నాకు తెలుసు. అయినా నేను తగ్గించలేదు.

ఇదే రోడ్డు మీద, నేను లంగాలు కట్టే వయసులో, మా ఇంటిల్లిపాదీ ఒకేఒక్కసారి బండి కట్టించుకుని పోయాం. కొమురెల్లి మల్లన్న దగ్గరికి. బాపు కొలువు పర్మినెంటు కావాలని అవ్వ మొక్కింది, పట్నం వేయిస్తానని. పట్నం అంటే తెలిసిందే కదా, పూజారులు నేల మీద పసుపు కుంకుమలతో ముగ్గు పరిచి, ఢమరుకం కొట్టి మల్లన్న కథ పాడతారు. దానికి మా వంతు పొద్దున్నే అని పూజారి కబురు పంపాడు. రావల్కోల్‌లో ద్రాక్ష తోట ఉన్న ఒకాయన బాపు మీద అభిమానంతో తన జీపు ఇచ్చాడు. పండ్లు మోసే జీపు. ఎక్కడ చెయ్యి పెట్టినా జిగట. ముందు బాపు, చిన్నాయిన. వెనక అవ్వ, అమ్మ, నేను. బోనానికని కొన్న కొత్త కుండను అమ్మ తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. చిన్నాయినకు అప్పుడే మీసం గట్టిపడుతోంది. లైసెన్సు చేతికొచ్చింది, డిపోలో డ్రైవర్ల ఎంపిక జరగబోతోంది. పోయే తొవ్వలో చెయ్యి తిరుగుతుందని బాపు వెంట తెచ్చాడు.

బయల్దేరగానే కట్టెల మోపు ఎదురొచ్చింది. అవ్వ అందరినీ దింపింది. ఇంట్లో కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కాం. ఈసారి స్టేషను దగ్గర పిల్లి అడ్డం వచ్చింది. మళ్ళీ దిగాం. అమ్మ నోట్లోనే ఏదో గొణిగింది. మూడోసారి ఎక్కేటప్పటికి ఎండ ఎక్కింది. అప్పుడు అవ్వకు ఇంకో భయం మొదలైంది. "మన పాళి పోతది కొడుకా. పూజారి ఆగడు. జర పోనియ్యి, జర పోనియ్యి" అని వెనకనుంచి బాపు భుజం పొడవడం. బాపు మాత్రం తన చాయ్ గ్లాసు తొణకని నడకే. శామీర్‌పేట దాటాక చిన్నాయిన "అన్నా, జర నాకియ్యరాదె?" అన్నాడు. ఖాళీ రోడ్డు. బాపు దిగి అటు తిరిగి కూర్చున్నాడు. చిన్నాయిన స్టీరింగు పట్టాడు. అవ్వ పోరు పెడుతుంటే, వయసు ఉరకలేస్తుంటే, జీపు ఎగిరింది. నాకైతే భయంతో పాటు సంతోషం. నా చెవుల్లో గాలి మోత. బాపు "నిదానంరా, నిదానం" అంటున్నాడు. తుర్కపల్లి వంపులో ముందొక జీపు పోతుంటే చిన్నాయిన హారను కొట్టి, దుమ్ము లేపి, దాన్ని దాటేశాడు. దాటాక తెలిసింది, అది పోలీసు జీపని. అందులో ఉన్నది పెద్ద అధికారి అని.

వాళ్ళు మమ్మల్ని దాటుకుని ముందుకు పోయి, రోడ్డుకు అడ్డంగా ఆపారు. చిన్నాయిన బ్రేకు మీద నిలబడ్డాడు. అమ్మ ఒళ్ళో కుండ సీటుకు కొట్టుకుని నెర్రె పడింది. అందరికంటే ముందు ఆ చప్పుడు విన్నది అవ్వ. ఆమె కుండ వంక చూస్తుండగా బాపు ఏంచేశాడంటే, చిన్నాయిన చొక్కా పట్టి తన వైపుకు లాగి, ఆయన కాళ్ళ మీదుగా అటు జరిగి స్టీరింగు ముందు కూర్చున్నాడు. దుమ్ము ఇంకా దిగలేదు. దుమ్ములోంచి టోపీ కనిపించేసరికి బాపు రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.

"ఎవడు డ్రైవర్?" అన్నాడు ఆ అధికారి.

"నేనే సార్."

"ఏం పని జేస్తవ్?"

కూలి పని అనొచ్చు. తోట పని అనొచ్చు. జీపంతా ద్రాక్ష వాసనే, నమ్మేవాడు. బాపుకు అబద్ధం ఒకటే చాతనైంది, రెండోది కాలేదు. "బస్ డ్రైవర్ని సార్. మేడ్చల్ డిపో" అన్నాడు.

"బస్ డ్రైవరువై గిట్లనా తోలేది? గంతమంది పానాలు నీ చేతుల ఉంటయ్, సిగ్గులేదా నీకు?"

బాపు తల దించుకున్నాడు. చుక్క తొణకనివ్వని మా బాపు. నేను వెనకనుంచి ఆయన మెడ చూస్తున్నాను, అది ఎర్రగా కందిపోయింది. చిన్నాయిన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. అవ్వ "అయ్యా" అని నోరు తెరిచింది. అంతే, అక్కడే ఆగిపోయింది. నోరు తెరిస్తే చిన్న కొడుకు పోతాడు, మూస్తే పెద్ద కొడుకు పోతాడు. ఆమె మూసుకుంది. పైట చెంగు నోట్లో కుక్కుకుని, అధికారి కేసు కాగితం రాయడం పూర్తయ్యేదాకా అలాగే కూర్చుంది. అంత చిన్నదాన్ని, నాకూ తెలిసిపోయింది మాట్లాడకూడదని. ఎవరూ నన్ను హెచ్చరించలేదు.

అక్కడినుంచి బాపే నడిపాడు, ఎప్పటికంటే నిదానంగా. మా వంతు పోనే పోయింది. మధ్యాహ్నం దాటాక పూజారి దయతలిచి పట్నం వేశాడు. కొత్త కుండ అక్కడే ఇంకొకటి కొన్నారు. నుదుటి మీద పెట్టిన బండారి పసుపు చెమటకు కారి బాపు కళ్ళల్లో పడుతోంది, అయినా ఆయన తుడుచుకోలేదు. వంట దగ్గర అమ్మ గొంతు తగ్గించి అడిగింది, "ఎందుకు జేసినవ్ గట్ల? డిపోల తెలిస్తే మన గతేంది?" బాపు పొయ్యిలో పుల్ల జరుపుతూ అన్నాడు, "నాదైతే ఆలస్యమైతది. వానిదైతే ఆగిపోతది. వానికింక ఎంపికే గాలే." అమ్మ బియ్యం కడిగి ఎసట్లో పోసింది. తర్వాత "ఆలస్యమైతే అందాక పిల్ల ఏం తినాలె?" అంది.

ఆ రోజు మొదలు మా ఇంట్లోకి దిగులు వచ్చి కూర్చుంది. కాగితం డిపోకు వస్తుందా, రాదా. సాయంత్రం బాపు చెప్పుల చప్పుడు వినగానే అందరం పని ఆపేవాళ్ళం. అడుగులు గబగబా పడితే ఈరోజుకు గండం గడిచిందనుకునేవాళ్ళం. ఒక సాయంత్రం ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. బాపు లోపలికి రాలేదు. అమ్మ పోయి చూస్తే అరుగు మీద కూర్చుని ఉన్నాడట, టోపీ పక్కన పెట్టుకుని. ఆ తర్వాత ఆయన్ని స్టీరింగు మీదినుంచి తీసి గ్యారేజీలో బస్సులు కడిగే పనికి వేశారు. ఆయన ఒంటి మీది వాసన మారిపోయింది. డీజిలు లేదు. సబ్బు నీళ్ళ వాసన, తడి ఇనుము వాసన. నేను తొడ మీద తల పెట్టుకోవడం మానేశాను. మనసులో ఉన్న మాట చెబుతున్నాను, నాకు ఆ వాసనంటే ఏడుపొచ్చేది. అమ్మ రావల్కోల్ తోటలో ద్రాక్ష కోతకు పోయింది. ఆమె వేళ్ళు జిగటతో అతుక్కుని ఉండేవి, రాత్రి అన్నం కలుపుతుంటే మెతుకులు చేతిని వదిలేవి కావు.

చిన్నాయిన మరుసటి ఎంపికలో కొలువు తెచ్చుకున్నాడు. సిద్దిపేట వైపు వేశారు. అంతటితో ఆగితే అమ్మ ఏమనుకునేదో గానీ, బాపు కంటే ముందే ఆయన పర్మినెంటయ్యాడు. ఆ మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చిన రోజు అమ్మ పీట వేసింది, కంచం పెట్టింది, చింతచిగురు పప్పు వడ్డించింది, అడగకుండానే రెండోసారి వడ్డించింది. కానీ "కడుపు నిండిందా?" అని అడగలేదు. మా ఇళ్ళల్లో తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఎవరు తిని లేవబోయినా ఆ మాట అడగాలి. పాలు పోయడానికొచ్చి చాయ్ తాగిన వాణ్ణి కూడా అడుగుతాం. అడగలేదంటే తిన్నది లెక్కకు రాదన్నట్టే. చిన్నాయిన కంచంలో చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగాడు. అవ్వ చూసి "కడుపు నిండిందా కొడుకా?" అని గట్టిగా తనే అడిగింది. "నిండిందవ్వా" అన్నాడు, అమ్మ వైపు చూస్తూ. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చాడో, ప్రతి సీతాఫలాల కాలంలో బస్తాడు పండ్లతో. ప్రతిసారీ తిన్నాక కంచం ముందు అలాగే ఆగేవాడు. బాపు కూడా తర్వాత పర్మినెంటయ్యాడు, పేరు తెచ్చుకున్నాడు, దండలతో రిటైరయ్యాడు. అమ్మ మాత్రం చివరిదాకా చిన్నాయినను ఆ మాట అడగలేదు. జీపు సంగతి ఎవరి నోటా రాలేదు. బాపు చెప్పడు. చిన్నాయిన చెప్పలేడు.

అదీ ఆయన అన్నకు చెప్పాలన్న ఒక్క మాట. దారంతా నా దిగులు దాని గురించే. సిద్దిపేట చేరేసరికి చిన్నాయినకు ప్రాణగండం తప్పిందన్నారు. మంచం మీద ముక్కుకు గొట్టంతో, సగమైపోయి ఉన్నాడు. అన్నను చూడగానే లేవబోయాడు. బాపు ఆయన్ని ఎగాదిగా చూసి, చేతులు జోడించి, "నమస్తే సారూ, పానం మంచిగున్నదా?" అన్నాడు. చిన్నాయిన దిండు మీద తల వాల్చేశాడు. కళ్ళ చివరలనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "బిడ్డా, నేను లేటు జేసిన" అన్నాడు నాతో. "రేపు పొద్దుగాల మంచిగుంటడు చిన్నాయినా, పొద్దుగాల అన్నీ యాదికుంటయ్" అన్నాను. అన్నానే గానీ నాకే నమ్మకం లేదు. పొద్దున లేచి ఏమంటాడో అని చిన్నమ్మ ఇంట్లో నాకు కన్ను అంటుకోలేదు.

పొద్దున ఇడ్లీ డబ్బా పట్టుకుని ఆ గదిలోకి అడుగు పెట్టామో లేదో, బాపు జేబులో గంట మోగింది. టింగ్ టింగ్. ఎడమ కాలు కదిలింది. మళ్ళీ టింగ్ టింగ్. మళ్ళీ. నేను ఫోను తీసి చూశాను. ప్రతి దాంట్లో మా కారు వెనకభాగం, నంబరు, ఊరి పేరు. లోపల ఎవరున్నారో ఏ ఫోటోలోనూ కనబడదు. "ఏందది?" అన్నాడు బాపు. ఏదో ఒకటి చెప్పి దాటేయాల్సింది. కంగారులో నోరు జారింది. "చలాన్లు బాపూ. తుర్కపల్లి దగ్గర స్పీడు పోయినమట."

ఆయన చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. వెంట్రుకలు అరచేత్తో దువ్వుకున్నాడు. గది బయట ఖాకీ బట్టలేసుకున్న కాపలా మనిషి నిలబడి ఉన్నాడు, పాతికేళ్ళుంటాయేమో. బాపు నేరుగా పోయి అతని ముందు నిటారుగా నిలబడ్డాడు.

"సార్, బండి నేనే నడిపిన. మా తమ్ముడు మల్లేశం నడపలే. వాడు పక్కకు కూసున్నడు. వాని పేరు రాయకుండ్రి సార్."

తమ్ముడు మల్లేశం. ఆ పేరు నేను ఆయన నోట విని ఏడాది దాటింది. నేను పరుగెత్తబోయాను. వెనక మంచం కిర్రుమంది. చిన్నాయిన ముక్కు గొట్టం పక్కకు జరుపుకుని మోచేతి మీద లేచాడు. "లే సార్! మా అన్న అబద్ధమాడుతుండు. జీపు నేను నడిపిన. నేనే హారను గొట్టిన, నేనే దాటిన. మా అన్న ఎన్నడు గట్ల నడపడు సార్" అన్నాడు. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చి, ఎక్కిళ్ళతో ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా గొంతులో ఉంచుకున్న మాట అది. చిన్నమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది, ఆమెకు ఏ జీపో తెలియదు. నిజానికి చలాన్లు నావి. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

"నువ్వు ఊకోరా" అన్నాడు బాపు వెనక్కి తిరిగి, కోపంగా. "నాదైతే ఆలస్యమైతది, అంతేగదా."

కాపలా పిల్లవాడు ఇద్దరు ముసలివాళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. "బండి గేటుకు అడ్డం పెట్టిన్రా పెద్దయ్యా?" అని అడిగాడు.

"లేదు సార్."

"ఇగ ఏం కాదు. పో, కూసో పో."

బాపు కాసేపు నమ్మలేదు. తర్వాత భుజాలు దిగాయి. మంచం దగ్గరికొచ్చి తమ్ముడి పక్కన కూర్చుని, "సారు ఇడిసిపెట్టిండురా" అన్నాడు. చిన్నాయిన ఆయన చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు. అన్న ఎంతసేపు అన్నగా ఉంటాడో మాకు తెలియదు. నాకు ఆ భయం అప్పుడూ పోలేదు, ఇప్పుడూ లేదంటే అబద్ధం.

డాక్టరు వచ్చి, గొట్టం సరిచేసి, మెత్తగా తినిపించమని చెప్పి పోయాడు. ఇడ్లీని పాలలో నానబెట్టి నేనే చెంచాతో పెట్టాను. చిన్న పిల్లాడిలా తిన్నాడు. గిన్నె ఖాళీ అయింది. నేను మూతి తుడిచి గిన్నె పక్కన పెడుతుంటే ఆయన కళ్ళు నా ముఖం మీదే ఆగాయి. మా అమ్మ పోలిక నాది, అందరూ అంటారు. ఏళ్ళ తరబడి కంచం ముందు ఆగిన చూపే అది, నేను గుర్తుపట్టాను.

"కడుపు నిండిందా చిన్నాయినా?" అన్నాను.

ఆయన తల మెల్లగా ఊపాడు.

"నిండింది బిడ్డా" అన్నాడు.